పది కిలోమీటర్ల గీత: ఎఫ్‌జీడీ మినహాయింపు ఎక్కడ మొదలైంది?

థర్మల్ కేంద్రాల పొగలోంచి గంధకాన్ని కడిగే ఎఫ్‌జీడీ యంత్రాల గొడవ మళ్లీ మొదటికొచ్చింది. 2025 జులై 11న కేంద్ర పర్యావరణ శాఖ ఇచ్చిన నోటిఫికేషన్‌తో దేశంలోని బొగ్గు యూనిట్లలో నాలుగింట మూడు వంతులు సల్ఫర్ డయాక్సైడ్ పరిమితి నుంచి బయటపడ్డాయి. కేంద్ర ప్రభుత్వం వదిలేసింది సరే, ఆ థర్మల్ కేంద్రాలు నడిచేది మాత్రం రాష్ట్ర కాలుష్య నియంత్రణ మండలి ఇచ్చే కాగితం మీద. వాయు చట్టం 21వ సెక్షన్ కింద కట్టడానికి ముందు సీఎఫ్‌ఈ (స్థాపనకు కన్సెంట్, అంటే సమ్మతి), నడపడానికి సీఎఫ్‌ఓ (నడపడానికి కన్సెంట్) తీసుకోవాలి. సీఎఫ్‌ఓలో ప్రతి చిమ్నీకీ ఒక పట్టిక ఉంటుంది: ఎత్తు ఎంత, శుద్ధి యంత్రం ఏది, ఏ కాలుష్యం ఎంత దాటకూడదు అని. ఆ పట్టికలో సల్ఫర్ డయాక్సైడ్ వరుసను ఉంచాలా, కొట్టేయాలా అన్నదే ఇకపై రాష్ట్రాల ముందున్న ప్రశ్న.

2015 డిసెంబరు 7 నాటి ప్రమాణాల గురించి చాలానే రాశారు. ఇక్కడ అవసరమైనంత వరకే చెప్పుకుందాం. అంతకు ముందు థర్మల్ కేంద్రాల పొగలో సల్ఫర్ డయాక్సైడ్‌కు జాతీయ పరిమితే లేదు. బూడిద రేణువులకు ఒక అంకె, చిమ్నీకి ఇంత ఎత్తు అన్న నిబంధన, అంతే. 2015లో తొలిసారి అంకెలు వచ్చాయి. 500 మెగావాట్లలోపు పాత యూనిట్లకు ఘనపు మీటరుకు 600 మిల్లీగ్రాములు, 500, ఆపై వాటికి 200, 2017 జనవరి నుంచి వచ్చే కొత్త వాటికి 100. గడువు రెండేళ్లు. ఆ రెండేళ్లలో పెద్దగా ఏమీ కదల్లేదు. గడువు దాటిన నాలుగో రోజున, 2017 డిసెంబరు 11న, కేంద్ర కాలుష్య నియంత్రణ మండలి యూనిట్ల వారీగా 2022 వరకు కొత్త తేదీలు రాసిచ్చింది.

ఈ కథలో వాయిదాలనే అందరూ లెక్కపెడుతుంటారు. కానీ వాయిదాకు, మినహాయింపుకు తేడా ఉంది. 2017లో మారింది తేదీ మాత్రమే. ఏ యూనిట్ అయినా ఏదో ఒక రోజు ఆ అంకెకు దిగాల్సిందే. అసలు మలుపు 2021 ఏప్రిల్ 1న వెలువడిన నోటిఫికేషన్‌లో ఉంది. దేశంలోని యూనిట్లన్నీ ఏ, బీ, సీ అని మూడు ముక్కలయ్యాయి. దేశ రాజధాని ప్రాంతానికి గానీ, 2011 జనాభా లెక్కల ప్రకారం పది లక్షలు దాటిన నగరానికి గానీ 10 కిలోమీటర్ల లోపు ఉంటే ఏ. తీవ్ర కాలుష్య ప్రాంతానికి, లేదా గాలి నాణ్యత ప్రమాణాలు అందుకోలేని నగరానికి 10 కిలోమీటర్ల లోపైతే బీ. మిగిలినవన్నీ సీ.

అప్పటిదాకా చిమ్నీ దగ్గర కొలిచేవాళ్లు. అక్కడి నుంచి మ్యాపు మీద కొలవడం మొదలైంది. బొగ్గులో గంధకం ఎంత, గాలి ఎటు వీస్తుంది, ఒకే చోట ఎన్ని వేల మెగావాట్లు పోగయ్యాయి అన్నవేవీ ఈ వర్గీకరణలోకి రాలేదు. 2011 లెక్కల్లో విజయవాడ కార్పొరేషన్ జనాభా పది లక్షలు కాస్త దాటింది కాబట్టి అది పెద్ద నగరం, గుంటూరు కాదు. ఆంధ్రప్రదేశ్‌లో ప్రమాణాలు అందని నగరాల జాబితాలో నెల్లూరు, కడప, రాజమహేంద్రవరం లాంటివి ఉన్నాయి గనుక వాటి చుట్టూ బీ గీత పడుతుంది. బొగ్గు గనుల పక్కన, నది ఒడ్డున, ఊళ్లకు దూరంగా కట్టడమే మన థర్మల్ కేంద్రాల ఆనవాయితీ. అలాంటప్పుడు నగరం నుంచి దూరాన్నే కొలబద్ద చేస్తే ఎక్కువ భాగం సీ లోకి జారుతుందని వేరే చెప్పాలా? తర్వాతి లెక్కలో 537 యూనిట్లలో ఏ 66, బీ 72, సీ 399గా తేలాయి. 2025లో సీ మొత్తానికి సల్ఫర్ పరిమితి ఎత్తేశారు. బీ యూనిట్లను నిపుణుల కమిటీ ఒక్కొక్కటిగా చూస్తుంది. ఏ వాటికి 2027 చివరి దాకా గడువు. అంటే 2025 నాటి మినహాయింపుకు కావలసిన డబ్బాలు 2021లోనే తయారయ్యాయి. తర్వాత మూత పెట్టడమే మిగిలింది.

10 కిలోమీటర్ల గీతతో అసలు చిక్కు రసాయనికం. సల్ఫర్ డయాక్సైడ్ చిమ్నీ నుంచి వచ్చిన వెంటనే ఊపిరి తీసేంత మోతాదులో కిందికి దిగదు. 275 మీటర్ల ఎత్తున వదిలితే గాలి దాన్ని మోసుకుపోతుంది. గంటల నుంచి రోజుల వ్యవధిలో అది సల్ఫేటుగా మారి, గాలిలోని అమ్మోనియాతో కలిసి పీఎం 2.5 సన్నరేణువవుతుంది. అప్పటికి వందల కిలోమీటర్లు దాటి ఉంటుంది. చిమ్నీ చుట్టూ పది కిలోమీటర్లలో సల్ఫర్ డయాక్సైడ్ మీటరు పెట్టి తక్కువే ఉందనడం, పక్కూరికి వెళ్లిపోయిన మనిషిని ఇంట్లో వెతకడం లాంటిది.

ప్రభుత్వ వాదన కూడా తీసిపారేసేది కాదు. మన బొగ్గులో బూడిద ఎక్కువ, గంధకం తక్కువ, సాధారణంగా అర శాతం లోపే. నగరాల్లో కొలిచిన సల్ఫర్ డయాక్సైడ్ 24 గంటల జాతీయ ప్రమాణమైన 80 మైక్రోగ్రాములకు చాలా కిందే ఉంది. మెగావాటుకు 1.2 కోట్ల చొప్పున మొత్తం 2.54 లక్షల కోట్లు కావాలి. ఒక్కో యూనిట్‌ను సుమారు 45 రోజులు ఆపాలి. పైగా 17 మిలియన్ టన్నుల సల్ఫర్ డయాక్సైడ్ తగ్గించబోతే 69 మిలియన్ టన్నుల కార్బన్ డయాక్సైడ్ పెరుగుతుందంటారు. ఈ చివరి అంకె దగ్గర కాసేపు ఆగాలి. సున్నపురాయి చర్య వల్ల టన్ను సల్ఫర్ డయాక్సైడ్‌కు పుట్టేది 0.69 టన్నుల కార్బన్ డయాక్సైడ్ మాత్రమే. ఆ లెక్కన 17 మిలియన్ టన్నులకు 12 మిలియన్ కూడా కాదు. మిగతాదంతా పంపులు, ఫ్యాన్లు తినే కరెంటు, రాయి తవ్వకం, రవాణా పద్దు. ఆ 69 మిలియన్లూ 2030 దాకా పరచుకున్న లెక్క. మన బొగ్గు కేంద్రాలు ఏటా వంద కోట్ల టన్నులకు పైగా వదులుతున్నప్పుడు అది ఏడాదికి ఒక శాతం దగ్గర తేలుతుంది.

యంత్రం దగ్గరికి వస్తే, 500 మెగావాట్ల యూనిట్‌నే తీసుకుందాం. పూర్తి లోడులో, యూనిట్ కరెంటుకు 650 గ్రాముల చొప్పున, రోజుకు 7,800 టన్నుల బొగ్గు కాలుతుంది. గంధకం 0.4 శాతమనుకుంటే 31 టన్నులు. ఆక్సిజన్ కలిశాక బరువు రెట్టింపై 62 టన్నుల సల్ఫర్ డయాక్సైడ్. కడగని పొగలో అది ఘనపు మీటరుకు 1,500 మిల్లీగ్రాముల దరిదాపుల్లో ఉంటుంది. 200కు తేవాలంటే వందకు 87 పాళ్లు కడగాలి. 95 పాళ్లు కడిగేలా నడిపితే, 90 శాతం శుద్ధత ఉన్న సున్నపురాయి రోజుకు వంద టన్నుల పైచిలుకు పడుతుంది. బయటికి 160 టన్నుల జిప్సం వస్తుంది, తేమ, మలినాలు అదనం. సిమెంటులో నూటికి మూడు నుంచి ఐదు పాళ్లు జిప్సమే కలుపుతారు. నల్లగొండ, పల్నాడు ప్రాంతంలో సున్నపురాయీ ఉంది, జిప్సం కొనే సిమెంటు ఫ్యాక్టరీలూ ఉన్నాయి. దామరచర్ల దగ్గరి 4,000 మెగావాట్ల యాదాద్రి కేంద్రం ఉన్నది ఆ పక్కనే.

పని పైకి సులువుగానే కనిపిస్తుంది. ఈఎస్పీలో, అంటే విద్యుదావేశంతో బూడిదను లాగే యంత్రంలో, బూడిద పట్టేశాక పొగను బూస్టర్ ఫ్యాన్ అబ్జార్బర్ టవర్లోకి నెడుతుంది. పై నుంచి మూడు నాలుగు అంచెల్లో సున్నపురాయి ముద్దనీళ్లు జల్లుతారు. కింది తొట్టిలోకి గాలి ఊదితే సల్ఫైటు జిప్సంగా మారుతుంది. దాన్ని హైడ్రోసైక్లోన్‌లో గిరగిరా తిప్పి చిక్కబరచి, వ్యాక్యూమ్ బెల్టు మీద తేమ పది శాతానికి వచ్చేదాకా పిండుతారు. చిక్కంతా నడపడంలోనే. ముద్దనీళ్ల పీహెచ్ 5.2 నుంచి 5.8 మధ్య నిలవాలి. దిగితే గంధకం పట్టదు. ఎక్కితే రాయి కరగకుండా జిప్సంలోకి వచ్చేస్తుంది, నాజిళ్లకు, పొగలోని తుంపరను ఆపే మిస్ట్ ఎలిమినేటర్లకు పెచ్చు కడుతుంది.

మన బూడిద బొగ్గుతో ఇంకో తంటా. ఈఎస్పీలో ఒక ఫీల్డు (బూడిద పట్టే విభాగం) పడిపోతే బూడిద అబ్జార్బర్లోకి వస్తుంది. అందులోని అల్యూమినియం, పొగలోని ఫ్లోరైడుతో కలిసి రాయి రేణువుల మీద పొరలా కప్పేస్తుంది. ఎంత రాయి పోసినా పీహెచ్ లేవదు. తెలియనివాళ్లు ఇంకా రాయి పోస్తారు. ఆ జిప్సాన్ని సిమెంటువాళ్లు వెనక్కి పంపుతారు. సరైన దారి రాయి తగ్గించి, కాస్టిక్ సోడాతో పీహెచ్ లేపి, పాత నీళ్లు కొంత వదిలేసి, ముందు ఈఎస్పీ బాగుచేయడం. పాత చిమ్నీ కూడా పనికిరాదు. 130 డిగ్రీల పొడి పొగ కోసం కట్టిన ఇటుక లోపొరకు 50 డిగ్రీల తడి పొగ తగిలితే ఆమ్లం చెమ్మగిల్లి తినేస్తుంది. అందుకే కొత్త తడి చిమ్నీ, లేదా లోపల కొత్త పూత. ఖర్చులో పెద్ద ముక్కల్లో ఇదొకటి.

ఇంత చేసి ముందే పెట్టుకున్నవాళ్లకు ఏం ఒరిగింది? 2018 మే 30న విద్యుత్ శాఖ ఈ ఖర్చును చట్టం మారినందువల్ల వచ్చిన ఖర్చుగా పరిగణించాలని కేంద్ర విద్యుత్ నియంత్రణ కమిషన్ (సీఈఆర్‌సీ)కి చెప్పింది. కాబట్టి పెట్టుబడి టారిఫ్‌లో వసూలవుతుంది. కానీ సున్నపురాయి ఖర్చు చర వ్యయంలో చేరి, చౌక కరెంటు ముందు కొనే మెరిట్ ఆర్డర్‌లో ఆ యూనిట్ ఒక మెట్టు కిందికి దిగే ప్రమాదం ఉంటుంది. కడిగినవాడు వెనక్కి, కడగనివాడు ముందుకు. 2024 చివర్లో పార్లమెంటుకు చెప్పిన లెక్క ప్రకారం 537లో ఎఫ్‌జీడీ పూర్తయినవి 39. ఆశ్చర్యపోయేదేమీ లేదు.

జరిమానా సంగతీ అంతే. గడువు దాటితే యూనిట్ కరెంటుకు 20 నుంచి 40 పైసల పర్యావరణ పరిహారం అని 2022 సెప్టెంబరు సవరణలో రాశారు. 500 మెగావాట్లకు కనీస రేటులో రోజుకు 24 లక్షలు, భయపడాల్సిన అంకే. అయితే 2022 చివరి గడువును అదే సవరణ 2024 చివరికి జరిపింది. 2024 డిసెంబరు 31 గడువును డిసెంబరు 30న మరో మూడేళ్లు పొడిగించారు. సల్ఫర్ విషయంలో ఆ మీటరు తిరిగే రోజు రాలేదు.

ఇప్పుడు రాష్ట్రాల చేతిలో ఏముంది? 1986 పర్యావరణ పరిరక్షణ నిబంధనల్లో 3వ నిబంధన రెండో ఉపనిబంధన ఉంది. కేంద్ర ప్రమాణం కన్నా కఠినమైన అంకెను రాష్ట్ర మండలి పెట్టవచ్చు, కారణాలు రాతపూర్వకంగా నమోదు చేస్తే చాలు. కేంద్రం సడలించింది కాబట్టి మా చేతులు కట్టేసి ఉన్నాయనే మాట నిలవదు. అంకె ఉంచితే కొలిచే పద్ధతినీ కన్సెంట్‌లో బిగించాలి. పరిమితి పొగలో 6 శాతం ఆక్సిజన్ ఉన్నప్పటి లెక్క. పొగలో గాలి కలిసి ఆక్సిజన్ 11 శాతానికి చేరితే, మీటరు 150 చూపినా అసలు అంకె 225. మీటరు అంకెను 15తో గుణించి, 21లోంచి కొలిచిన ఆక్సిజన్ తీసివేయగా వచ్చిన దానితో భాగించాలి. ఆక్సిజన్ రీడింగ్ పక్కన లేకుండా సల్ఫర్ అంకె ఒక్కటే ఆన్‌లైన్‌లో పంపితే దానికి అర్థం లేదు.

సీ యూనిట్లకు 2025 నోటిఫికేషన్ ఒక షరతు మాత్రం మిగిల్చింది: 2029 చివరికల్లా చిమ్నీ ఎత్తు నిబంధన పాటించాలి. 200 మెగావాట్ల నుంచి 500 లోపు యూనిట్లకు 220 మీటర్లు, 500, ఆపై వాటికి 275. అది 2015కు ముందు నుంచీ ఉన్న నిబంధనే. పెద్ద కేంద్రాల చిమ్నీలు అప్పుడే ఆ ఎత్తుకు కట్టేశారు.