మన కిటికీకి ఊరి పర్మిషన్ ఎందుకు?

చిన్నూ, బుజ్జీ,

మొన్న ఆదివారం ఫోన్లో చిన్నూ అడిగినదానికి నేను సరిగ్గా జవాబు చెప్పలేదు. అవతల నానమ్మ ఉప్మా మాడుతోందని కేకలు వేస్తుంటే ఏదో చెప్పి తప్పించుకున్నాను. "మనింటి కిటికీ మనం మార్చుకోడానికి ఊరిని అడగడమేంటి తాతయ్యా?" అన్నావు. చలికాలం రాకముందే కిటికీలు మారుద్దామని మీ నాన్న కాంట్రాక్టరును పిలిస్తే, అతను ముందు ల్యాండ్‌మార్క్స్ వాళ్ళ కాగితం కావాలన్నాడట కదా. ఆ ల్యాండ్‌మార్క్స్ వాళ్ళెవరో చెప్పాలంటే ముందు మా గంగాళం సంగతి చెప్పాలి.

నాకప్పుడు పదకొండేళ్ళు. తెనాలి పక్కన మా ఊళ్ళోకి స్టీలు సామాన్లవాడు సైకిల్ మీద వచ్చేవాడు. "పాత ఇత్తడికి కొత్త స్టీలూ" అని వాడు అరిస్తే వీధి వీధంతా అరుగుల మీదికి వచ్చేది. స్టీలు కొత్త మోజు, చింతపండు పెట్టి తోమే పని లేదు. ఒకరోజు మా అమ్మ పెరట్లో ఉన్న గంగాళం ఇచ్చేసి ఆరు గ్లాసులూ ఒక క్యారియరూ తీసుకుంది. ఆ గంగాళంలో నేనూ మా తమ్ముడూ ఒకేసారి దిగి కూర్చోగలిగేవాళ్ళం. అంచు మీద మా తాతమ్మ పేరు చుక్కలు చుక్కలుగా కొట్టి ఉండేది. అక్షరాలు దిద్దుకునే వయసులో ఆ చుక్కల మీద వేలు పెట్టి కూడబలుక్కున్నాను నేను. సాయంత్రం మా తాతయ్య పొలం నుంచి వచ్చి కాళ్ళు కడుక్కోబోయి ఆగిపోయాడు. ఎవరినీ ఏమీ అనలేదు. నన్ను సైకిల్ ఎక్కించుకుని బజార్లో పాత సామాన్ల కొట్టుకి తీసుకెళ్ళాడు. అప్పటికే దాన్ని సుత్తితో కొట్టి ముక్కలు చేసి తూకం వేసేశారు.

ఆ రాత్రి ఇంట్లో కొత్త రూలు వచ్చింది. అటక మీది పాత సామాను ఏది గడప దాటాలన్నా మా మేనత్తని అడగాలి. అత్తయ్య ముఖ్యమైనవాటికి ఎర్రదారం కట్టింది. అంతే!

మీ న్యూయార్క్‌కీ అలాంటి గంగాళం ఒకటి పోయింది. 1910లో తెరిచిన పెన్ స్టేషన్ అని పెద్ద రైల్వే స్టేషన్. గులాబీరంగు రాయి, 84 స్తంభాలు. రైలు కంపెనీకి డబ్బుకి ఇబ్బంది వచ్చి, 1963 అక్టోబరులో కూల్చడం మొదలుపెట్టింది. ఆపమని జనం ప్లకార్డులు పట్టుకుని నిలబడ్డారు కానీ ఆపే చట్టం లేదు. ఆ రాళ్ళు చాలావరకు న్యూజెర్సీ చిత్తడి నేలల్లోకి పోయాయి. ఆ తర్వాత 1965 ఏప్రిల్లో మేయర్ వాగ్నర్ పాత కట్టడాలను కాపాడే చట్టం మీద సంతకం పెట్టాడు. అలా ఊరికి ఒక మేనత్త వచ్చింది. ఆవిడ పేరే ల్యాండ్‌మార్క్స్ ప్రిజర్వేషన్ కమిషన్.

ఈ అత్తయ్య పదకొండు మంది! మేయర్ నియమిస్తాడు. అందులో ముగ్గురైనా ఆర్కిటెక్టులు ఉండాలి, చరిత్ర తెలిసినవాళ్ళొకరు, ఇళ్ళ క్రయవిక్రయాలు తెలిసినవాళ్ళొకరు ఉండాలి. ఊళ్ళోని అయిదు బరోల (అంటే ఊరి అయిదు పెద్ద భాగాల) నుంచీ కనీసం ఒక్కొక్కరు ఉండాలి. జీతం ఛైర్‌కి మాత్రమే, మిగతావాళ్ళది ఉత్త చాకిరీ. ఒక భవనానికి 30 ఏళ్ళు నిండితే చాలు, ఎర్రదారం కట్టవచ్చు, అంటే కాపాడాల్సిన ల్యాండ్‌మార్క్ అని ప్రకటించవచ్చు. (30 ఏళ్ళంటే నా లెక్కలో పసిబిడ్డ!) కట్టేముందు అందరినీ పిలిచి వింటారు, ఎవరైనా లేచి మాట్లాడవచ్చు. కట్టాక కూడా సిటీ కౌన్సిల్ వద్దనుకుంటే ఆ దారం విప్పేయవచ్చు. మా ఇంట్లోనూ అంతే, అత్తయ్య మీద తాతయ్య ఉండేవాడు.

ఒక్కోసారి ఒక్క ఇంటికి కాదు, పేట పేటకే కడతారు. మీ జాక్సన్ హైట్స్‌కి అలా 1993లో కట్టారు. మీ కిటికీ కథ అదీ.

అలాగని అన్నిటికీ అడగక్కర్లేదు. గంగాళానికి కళాయి వేయించాలంటే అత్తయ్యని ఎవరూ అడిగేవారు కాదు. అలాగే పగిలిన అద్దం వేసుకున్నా, ఉన్న రంగే మళ్ళీ వేసుకున్నా కాగితం అక్కర్లేదు. కానీ గంగాళానికి కుళాయి బిగిస్తానంటే అడగాలి మరి. కిటికీ మార్చడం కుళాయి లాంటిది. కొత్త కిటికీలో గడులెన్ని, ఫ్రేము ఎంత మందం, పక్కింటి కిటికీలతో కలుస్తుందా అని చూస్తారు. మామూలు దరఖాస్తులు ఆఫీసు సిబ్బందే తేల్చేస్తారు, పదకొండు మంది దాకా వెళ్ళదు. కాబట్టి నాన్నని టెన్షన్ పడొద్దని చెప్పండి.

నాది నేను ఏమైనా చేసుకుంటాను, మీరెవరు అన్నవాళ్ళూ ఉన్నారు. గ్రాండ్ సెంట్రల్ స్టేషన్‌కి 1967లో దారం కడితే, దాని సొంతదార్లు పైన 50 అంతస్తులకు పైగా కడతామన్నారు. కమిషన్ వద్దంది. గొడవ సుప్రీంకోర్టు దాకా పోయింది. 1978లో ఆరుగురు జడ్జీలు కమిషన్ వైపు, ముగ్గురు అటువైపు. స్టేషన్ నడుపుకుని సంపాదించుకోండి, ఎవరూ కాదనలేదు, పైన కట్టలేకపోయిన హక్కు పక్క స్థలాలకి మార్చుకునే వీలూ ఉంది కదా అన్నారు. అత్తయ్య గంగాళం అమ్మొద్దంది కానీ పెళ్ళిళ్ళకి అద్దెకివ్వొద్దనలేదుగా! ఆ పక్క స్థలాల సంగతి మాత్రం నా గంగాళంతో చెప్పలేను. అక్కడికి నా పోలిక చిల్లిపడింది, మీ అమ్మని అడగండి.

అత్తయ్య ఎప్పుడూ కరెక్టేనా అంటే, కాదు. ఆవిడ దాచిన వాటిలో అడుగూడిన మరచెంబు ఒకటుంది, అదెందుకో ఇప్పటికీ నాకు తెలీదు. ఇంటివాళ్ళకి ఖర్చు, ఆలస్యం ఉంటాయి, నిజమే. నాకు నచ్చేది ఒకటే, సుత్తి పడేముందు ఒకరు ఆగి చూడటం. తాతయ్య సైకిల్ ఒక పూట ముందు వెళ్ళి ఉంటే అని నేను ఇప్పటికీ అనుకుంటాను.

ఈ అత్తయ్య చెట్లకి కూడా దారం కట్టింది తెలుసా? ఫ్లషింగ్‌లో 1847లో బెల్జియం నుంచి తెచ్చి నాటిన బీచ్ చెట్టు ఒకటుండేది. కొమ్మలు మర్రి ఊడల్లా నేలదాకా వేలాడేవి. 1966లో దాన్ని ల్యాండ్‌మార్క్ చేశారు. కమిషన్ గొడ్డలిని ఆపగలదు కానీ ముసలితనాన్ని ఆపలేదు కదా, 1998లో అది చనిపోయింది. కానీ దాని పిల్లచెట్లు చుట్టూ నిలబడి ఉన్నాయి, నడుమ అమ్మ ఉన్న చోటు ఖాళీగా ఉంది.

ఈసారి బౌన్ స్ట్రీట్‌లో మన వినాయకుడి గుడికి వెళ్ళినప్పుడు, కింద క్యాంటీన్లో దోసె తిన్నాక కారెక్కకండి. అదే వీధిలో ఉత్తరంగా నడవండి. 37వ ఎవెన్యూ దగ్గర 1661 నాటి చెక్క ఇల్లు కనిపిస్తుంది. జాన్ బౌన్ అనే ఆయన ఆ ఇంట్లో క్వేకర్లని (క్రైస్తవుల్లో ఒక శాఖవాళ్ళు) ప్రార్థన చేసుకోనిచ్చాడని పట్టుకుని దేశం దాటించారు, ఆయన పోరాడి తిరిగొచ్చాడు. ఆ మనిషి పేరున్న వీధిలోనే ఇప్పుడు మన వినాయకుడు కూర్చున్నాడు! చెట్టున్న పార్కు ఆ పక్కనే. చిన్నూ, నువ్వు ఆ ఇంటి కిటికీల్లో గడులెన్నో లెక్కపెట్టు. బుజ్జీ, నువ్వు పిల్లచెట్లు ఎన్నో చూడు. వచ్చే ఆదివారం ఫోన్లో చెప్పండి, నానమ్మ ఉప్మా పొయ్యి మీద పెట్టకముందే.

మీ తాతయ్య