మెషిన్‌ని తిట్టే ముందు ట్యూబ్‌ని చూడండి: రక్తం శాంపిల్స్‌పై అపోహలు - వాస్తవాలు

అపోహ: రక్తం ఒకటే కదా, ఏ ట్యూబ్‌లో పోస్తే ఏం?

మూత రంగు మారితే లోపలి మందు మారుతుంది. పర్పుల్ ట్యూబ్‌లో ఉండేది పొటాషియం ఇడిటిఏ. కాల్షియాన్ని పట్టేసి రక్తాన్ని గడ్డకట్టనివ్వదు. రెడ్ ట్యూబ్‌లో తక్కువైందని పర్పుల్‌లోంచి కాస్త వంపారనుకోండి. పొటాషియం ఆకాశానికి, కాల్షియం పాతాళానికి వెళ్తాయి, ఏఎల్‌పీ అనే ఎంజైమ్ కూడా పడిపోతుంది. పేషెంటేమో మంచం మీద కూర్చుని ఇడ్లీ తింటుంటాడు. ఈ మూడూ ఒకే రిపోర్టులో కనిపిస్తే కిడ్నీలకన్నా ముందు ట్యూబ్‌ని అనుమానించండి. నింపే వరస ఇది: బ్లడ్ కల్చర్ (రక్తంలో క్రిములను వెతికే పరీక్ష) ఉంటే ముందు అది, తర్వాత బ్లూ, రెడ్ లేదా ఎల్లో, గ్రీన్, పర్పుల్, చివర గ్రే.

అపోహ: నరం దొరక్కపోతే టోర్నికెట్ (చేతికి బిగించే కట్టు) అలాగే ఉంచి, గుప్పిట మూసి తెరవమంటే సరి.

నిమిషం దాటితే ప్రొటీన్, కాల్షియం లేనిపోని ఎక్కువ చూపిస్తాయి. పదేపదే గుప్పిట బిగిస్తే కండరాల్లోంచి పొటాషియం వస్తుంది. నరం చిక్కకపోతే కట్టు విప్పి, రెండు నిమిషాలాగి మళ్లీ కట్టండి.

అపోహ: ఐస్‌లో పెడితే ఏ శాంపిలైనా పదిలం.

కలెక్షన్ సెంటర్ల నుంచి వచ్చే శాంపిల్స్‌ని చెడగొట్టే నమ్మకాల్లో ఇదొకటి. సీరం (రక్తం గడ్డకట్టాక పైకి తేలే ద్రవం) వేరుచేయకుండా చల్లబరిస్తే ఎర్రకణాల్లో పొటాషియాన్ని లోపలికి లాగే పంపు ఆగుతుంది, పొటాషియం బయటికి కారుతుంది. కణాలు పగలవు కాబట్టి సీరం ఎర్రబడదు, లేత పసుపుగానే ఉంటుంది. అందుకే ఎవరికీ అనుమానం రాదు. ట్యూబ్‌ని ముందు గది ఉష్ణోగ్రతలో నిలువుగా 30 నిమిషాలు ఉంచి, రక్తం పూర్తిగా గడ్డకట్టాక సెంట్రిఫ్యూజ్‌లో 10 నిమిషాలు తిప్పి, అప్పుడు థర్మోకోల్ పెట్టెలో పెట్టండి. ఐస్‌ప్యాక్ ట్యూబ్‌కి తగలకుండా మధ్యలో గుడ్డో అట్టో ఉండాలి. రక్తం గడ్డకట్టే సమయం చూసే పీటీ శాంపిల్ అసలు ఫ్రిజ్‌ జోలికే వెళ్లకూడదు. అమ్మోనియా, లాక్టేట్‌లకు మాత్రం ఐస్ కావాల్సిందే.

అపోహ: గ్రే ట్యూబ్‌లో పోస్తే షుగర్ కదలదు.

ఆ ట్యూబ్‌లో ఉండే ఫ్లోరైడ్ పనిచేసేది గ్లూకోజ్ ఖర్చయ్యే దారిలో చివరి మెట్ల దగ్గర. కాబట్టి మొదటి గంట, రెండు గంటలు షుగర్ తగ్గుతూనే ఉంటుంది. వేరుచేయని మామూలు ట్యూబ్‌లోనైతే గంటకు 5 నుంచి 7 శాతం పడిపోతుంది. ఫాస్టింగ్ 126 ఉన్నవాళ్లకు రెండు గంటల తర్వాత 109-114 వస్తుంది, ఉన్న డయాబెటిస్ లేనట్టు తేలుతుంది. మే నెల ఎండలో బైక్ మీద తెస్తే ఇంకా వేగంగా తగ్గుతుంది.

అపోహ: బ్లూ ట్యూబ్ కాస్త తక్కువ నిండినా ఫర్వాలేదు.

ఇందులో రక్తాన్ని గడ్డకట్టనివ్వని మందు సిట్రేట్. 0.3 మి.లీ. సిట్రేట్‌కు 2.7 మి.లీ. రక్తం. గీత దాకా నిండకపోతే సిట్రేట్ మిగిలిపోయి, రక్తం ఎంత ఆలస్యంగా గడ్డకడుతుందో చెప్పే ఐఎన్ఆర్ ఉన్నదానికన్నా ఎక్కువ చూపిస్తుంది, అది చూసి డాక్టర్ రక్తం గడ్డకట్టకుండా ఇచ్చే వార్ఫరిన్ డోసు తగ్గిస్తారు. బటర్‌ఫ్లై సూదితో తీసేటప్పుడు గొట్టంలోని గాలి ముందు ట్యూబ్‌లోకి పోయి ఈ లోటు తెస్తుంది. అందుకే మొదట వేరే ఒక బ్లూ ట్యూబ్‌లోకి కొంచెం తీసి, దాన్ని పడేయండి.

అపోహ: బాగా ఊపితేనే కలుస్తుంది.

ఊపితే కణాలు పగులుతాయి. పర్పుల్‌ని మెల్లగా 8-10 సార్లు తలకిందులు చేయండి, బ్లూకి 3-4 సార్లు చాలు.