తల్లి నుంచి బిడ్డకు హెచ్‌ఐవీ: ఒక్క మాత్ర నుంచి జీవితకాల చికిత్స దాకా

నొప్పులు మొదలవగానే తల్లి మింగాల్సిన నెవిరపిన్ మాత్ర ఒకటి, పుట్టిన 72 గంటల్లోగా బిడ్డ నోట్లో వేయాల్సిన కొద్దిపాటి సిరప్. పేద దేశాల్లో తల్లి నుంచి బిడ్డకు హెచ్‌ఐవీ సోకకుండా చూసే ప్రయత్నం కొన్నేళ్లపాటు ప్రధానంగా ఈ రెండింటి మీదే నడిచింది.

జిడోవుడిన్ అనే హెచ్‌ఐవీ మందు వాడితే బిడ్డకు సోకే ముప్పు 25 శాతం నుంచి 8 శాతానికి తగ్గుతుందని 1994లోనే తేలింది. కానీ ఆ పద్ధతిలో గర్భిణి రోజుకు ఐదుసార్లు మందు వేసుకోవాలి, కాన్పు సమయంలో నరం ద్వారా ఎక్కించాలి, బిడ్డకు ఆరు వారాలు సిరప్ పట్టాలి. నొప్పులొచ్చాక గానీ ఆస్పత్రికి రాని తల్లులున్న చోట అది జరిగే పని కాదు. అందుకే ఒక్క డోసు నెవిరపిన్ చాలా మేలు చేస్తుందని 1999లో ఉగాండా రాజధాని కంపాలా నుంచి వచ్చిన ఫలితం అంత ఆశ రేపింది. ఆ మందును ప్రభుత్వం కొన్ని కేంద్రాలకే పరిమితం చేసిన దక్షిణాఫ్రికాలో, రోగుల ఉద్యమం కోర్టుకెక్కి 2002 జులైలో రాజ్యాంగ న్యాయస్థానంలో గెలిచింది.

మన దేశంలో 2002లో మొదలైన కార్యక్రమం పేరులో 'తల్లి' అనకుండా 'తల్లిదండ్రులు' అన్నారు. భర్త నుంచి సోకినా నింద కోడలి మీదే పడే ఇళ్లు మనకు తెలుసు కనుక, ఆ మాట ఎంపిక ఎంతో అవసరమైనదని నా అభిప్రాయం. అయితే ప్రభుత్వ ఆస్పత్రుల్లో ఉచిత ఏఆర్‌టీ (వైరస్‌ను అదుపులో ఉంచే మందుల చికిత్స) 2004 ఏప్రిల్‌లో గానీ మొదలు కాలేదు. అప్పటిదాకా బిడ్డను కాపాడిన మాత్ర తల్లి జబ్బును తగ్గించలేదు. పైగా ఒక్క డోసుతోనే కొందరిలో వైరస్ ఆ మందుకు లొంగకుండా పోయింది.

చనుబాల విషయం మరీ చిక్కుముడి. పాల ద్వారా వైరస్ సోకుతుందని పోతపాలు పట్టమంటే, మంచినీళ్లు దొరకని చోట పిల్లలు విరేచనాలతో చనిపోయారు. 2006లో బోట్స్వానాలో భారీ వర్షాల తర్వాత జరిగింది అదే. తల్లికో బిడ్డకో మందులు వాడుతూ తల్లిపాలే ఇవ్వవచ్చని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2010లో స్పష్టం చేసింది.

రోగనిరోధక శక్తి ఎంత తగ్గిందో చెప్పే సీడీ4 రక్తపరీక్షకు తగినన్ని యంత్రాలు లేని ఆఫ్రికా దేశం మలావీ, ఆ పరీక్ష కోసం ఆగకుండా హెచ్‌ఐవీ ఉన్న ప్రతి గర్భిణికీ జీవితాంతం మందులివ్వాలని 2011లో నిర్ణయించింది. 2013లో ప్రపంచ ఆరోగ్య సంస్థ ఆ బాటనే పట్టింది, 2014 జనవరి నుంచి మన దేశమూ దాన్ని అమలు చేసింది. కాన్పు అయ్యాక కూడా తల్లికి మందు ఆగకపోవడం అప్పటి నుంచే నియమమైంది.