సామాన్ల విమానమే కదా!

విశాఖ గోపాలపట్నంలో మా వీధిలో ఉండే ఓ మాస్టారి అబ్బాయి కమర్షియల్ పైలట్ లైసెన్సు తెచ్చుకుని ఏడాదిన్నర దాటింది. లైసెన్సుకి కావలసిన 200 గంటల ఫ్లయింగ్ పూర్తి చేయించడానికి ఆ ఇంట్లో ఏమేం అమ్ముకున్నారో నాకు తెలుసు. పెద్ద ఎయిర్‌లైన్స్ నుంచి ఇంకా పిలుపు రాలేదు. ఈలోగా ఆఫ్రికాలో ఓ చిన్న కంపెనీలో అవకాశం వచ్చింది. ఒకే ఇంజన్ ఉండే సెస్నా కారవాన్ విమానంలో మందులు, పార్సిళ్లు, మెషీన్ల విడిభాగాలు ఊరూరా చేరవేసే పని. మొదట కొన్నాళ్లు సీనియర్ పక్కన కూర్చోవాలి, తర్వాత ఒక్కడే నడపాలి.

మొన్న సాయంత్రం వాళ్లమ్మ మా ఇంటికొచ్చి అడిగింది. "అన్నయ్య గారూ, సామాన్ల విమానమే కదండీ. జనాలుండరు. టెన్షన్ తక్కువే కదా?"

అవునని చెప్పలేకపోయాను. ఆవిడ తల్లి కాబట్టి ధైర్యం కోసం అడిగింది. కానీ సరిగ్గా ఇదే మాటని తపాలా శాఖలు, కంపెనీలు, రూల్స్ రాసే అధికారులు వందేళ్లుగా అనుకుంటూనే ఉన్నారు. సామాన్ల విమానంలో మనుషులు ఉండరట. అందులో కూర్చుని నడిపేవాణ్ణి లెక్కలోంచి తీసేస్తే తప్ప ఆ మాట నిజం కాదు.

విమానంలో టపా పంపడం అధికారికంగా మొదలైంది మన దేశంలోనే. 1911 ఫిబ్రవరి 18న అలహాబాద్ నుంచి హెన్రీ పెకే అనే ఫ్రెంచి యువకుడు దాదాపు 6,500 ఉత్తరాలతో యమున దాటి నైనిలో దిగాడు. 10 కిలోమీటర్ల దూరం, 13 నిమిషాల ప్రయాణం. అతను క్షేమంగా తిరిగొచ్చాడు.

తర్వాత వచ్చినవాళ్లలో చాలామందికి ఆ అదృష్టం దక్కలేదు. అమెరికా తపాలా శాఖ 1918 మే 15న విమాన టపా మొదలుపెట్టింది. 1927లో ఆ పనిని ప్రైవేటు కంపెనీలకి అప్పగించే లోపు 30 మందికి పైగా పైలట్లు చనిపోయారు. వాళ్లు నడిపినవి ఎక్కువగా మొదటి ప్రపంచ యుద్ధంలో మిగిలిపోయిన డీహెచ్-4 విమానాలు. అందులో పైలట్ సీటు ముందు ఇంజన్, వెనక పెట్రోలు ట్యాంకు. ముక్కు నేలకి తగిలిందంటే మనిషి ఆ రెంటి మధ్య నలిగిపోయేవాడు. చివరికి సీటుని ట్యాంకు వెనక్కి జరిపి, ముందున్న ఖాళీలో టపా సంచులు పెట్టారు. అంత చిన్న మార్పుకి కూడా ముందు మనుషులు చావాల్సి వచ్చింది.

1919 జూలైలో జరిగిన ఒక సంగతి మాత్రం కాస్త ఆగి చెప్పాలి. న్యూయార్క్ దగ్గర బెల్మాంట్ పార్క్ మైదానం పొగమంచుతో నిండిపోయిన రోజు అది. ఇలాంటి గాలిలో ఎగరలేమని ఇద్దరు పైలట్లు చెప్పేశారు. వాషింగ్టన్‌లో కూర్చున్న పై అధికారి ఇద్దర్నీ ఉద్యోగంలోంచి తీసేశాడు. టైముకి టపా వెళ్లి తీరాలన్నది ఆయన పట్టుదల. మిగిలిన పైలట్లు విమానాలు ఎక్కడం మానేశారు. కొద్ది రోజులు సమ్మె నడిచాక తపాలా శాఖ దిగొచ్చి, ఎగరవచ్చా లేదా అన్న నిర్ణయం మైదానంలో ఉండి కళ్లారా ఆకాశాన్ని చూసే మేనేజరుకి వదిలేసింది. "ఈ రోజు ఎగరను" అనే హక్కు పైలట్‌కి ఉందా అన్న తగువు ఆనాడే బయటపడింది. పేరున్న ఎయిర్‌లైన్స్‌లో అది ఇప్పుడు చాలావరకు తేలిపోయింది. చిన్న కార్గో కంపెనీల్లో ఇంకా తేలలేదు. అక్కడ "ఎగరను" అన్న కుర్రాడికి రేపటి డ్యూటీ ఉంటుందో లేదో ఎవరూ చెప్పరు.

అమెరికాలోనే 1934లో ఇంకో ఘోరం జరిగింది. టపా కాంట్రాక్టుల్లో అవినీతి ఉందని వాటిని రద్దు చేసిన ప్రభుత్వం ఆ పనిని సైన్యానికి అప్పగించింది. చలికాలం రాత్రుల్లో, మేఘాల్లో పరికరాలు చూసి ఎగరడం తెలియని కుర్రాళ్లని పంపారు. కొన్ని వారాల్లోనే పదిమందికి పైగా చనిపోయారు. దేశమంతా గగ్గోలెత్తాక, ఆ ఏడాది జూన్‌లో సైన్యం లింక్ ట్రైనర్లు కొన్నది. బయటకి చూడకుండా పరికరాల మీదే ఆధారపడి ఎగరడం నేర్పే యంత్రం అది. ఈ రోజు మన పిల్లలు సిమ్యులేటర్‌లో కూర్చుంటున్నారంటే దాని వెనుక ఆ టపా పైలట్ల చావులు కూడా ఉన్నాయి.

మన దేశంలో 1932 అక్టోబర్ 15న జేఆర్‌డీ టాటా కరాచీ నుంచి అహ్మదాబాద్ మీదుగా బొంబాయికి పుస్ మోత్ విమానంలో టపా తెచ్చారు. అక్కడినుంచి బళ్లారి మీదుగా మద్రాసుకి నెవిల్ విన్సెంట్ పట్టుకెళ్లారు. దారి చూపే రేడియో లేదు, పక్కన రెండో మనిషి లేడు. పుస్తకాల్లో ఇది వీరగాథలా ఉంటుంది, అది నిజమే కూడా. కానీ అదే రకం పుస్ మోత్‌లు కొన్ని ఆకాశంలోనే రెక్క విరిగి కూలిపోయాయి. ఆస్ట్రేలియా వైమానికుడు బెర్ట్ హింక్లర్ 1933 జనవరిలో ఇటలీ కొండల్లో చనిపోయింది పుస్ మోత్‌లోనే.

స్వాతంత్య్రం వచ్చాక 1949 జనవరి 30న రాత్రి టపా సర్వీసు మొదలైంది. ఢిల్లీ, బొంబాయి, కలకత్తా, మద్రాసుల నుంచి నాలుగు డకోటా విమానాలు బయల్దేరి అర్ధరాత్రి నాగ్‌పూర్‌లో కలిసేవి. సంచులు మార్చుకుని తెల్లవారేసరికి ఎవరి ఊరికి వాళ్లు తిరిగి వెళ్లేవారు. కొంతకాలం హైదరాబాద్ కేంద్రంగా ఉన్న డెక్కన్ ఎయిర్‌వేస్ కూడా దీన్ని నడిపింది. మామూలు ఛార్జీతోనే ఉత్తరం మర్నాడే చేరడం ఆ రోజుల్లో చిన్న విషయం కాదు. 1953 డిసెంబర్ 12న నాగ్‌పూర్‌లో పైకి లేచిన కాసేపటికే మద్రాసు విమానం కూలి ప్రయాణికులతో సహా 13 మంది పోయారు. మనిషి ఒళ్లు నిద్ర కోరే వేళకే ఆ పని మొదలయ్యేది. పార్సిల్ విమానాల పని ఇప్పటికీ ఎక్కువగా ఆ వేళల్లోనే.

ఇక ఇప్పటి చిన్న విమానాల సంగతి. ప్రయాణికుల జెట్ 35 వేల అడుగుల్లో మేఘాల పైన వెళ్తుంది. కారవాన్ లాంటిది పది వేల అడుగుల్లోపు, అంటే సరిగ్గా వానా గాలీ ఉండే ఎత్తులోనే ఎక్కువగా తిరుగుతుంది. దిగేది చాలాసార్లు మట్టి రన్‌వే మీద. వాతావరణం చూసుకోవడం, బరువు లెక్క వేయడం, రేడియోలో మాట్లాడటం, నడపడం అన్నీ ఒక్కడే చేయాలి. చాలామంది ఈ ఉద్యోగంలో చేరేది గంటలు పోగు చేసుకుని పెద్ద ఎయిర్‌లైన్‌కి వెళ్లిపోదామని. అంటే అనుభవం తక్కువ ఉన్నవాళ్ల చేతికే కష్టమైన ఫ్లయింగ్ వస్తోంది. ఇంత తలకిందుల పద్ధతి ఇంకే వృత్తిలోనైనా ఉందా అని నాకు అనుమానం.

ఈ ప్రమాదాల్లో ఒక రకం మన ఊరివాళ్లకి వేరే చెప్పక్కర్లేదు. ఒక పక్క సింహాచలం కొండలు, ఇంకో పక్క యారాడ కొండ. వర్షాకాలం పొద్దున్నే మబ్బు దిగితే అంత కొండా మాయమైపోతుంది. విమానం బాగానే ఉంటుంది, ఇంజన్ బాగానే తిరుగుతుంటుంది, పైలట్ స్పృహలోనే ఉంటాడు. మబ్బులో కొండ ఉందని మాత్రం చివరి క్షణం దాకా తెలియదు. 2009 సెప్టెంబర్ 2న నల్లమలలో ముఖ్యమంత్రి రాజశేఖర రెడ్డి హెలికాప్టర్ జాడ తెలియడానికి మర్నాటి దాకా పట్టింది. అప్పుడు చెడ్డ వాతావరణంలో చిన్న యంత్రం ఎంత నిస్సహాయమో రాష్ట్రమంతా చూసింది. ఆయనతో పాటు పోయిన ఇద్దరు పైలట్లు మనలో ఎందరికి గుర్తున్నారో!

దీన్ని విధిరాత అని వదిలేయక్కర్లేదని అలాస్కా చూపించింది. రోడ్లు లేని ఆ ప్రాంతంలో పాల డబ్బా నుంచి పోస్టు దాకా చిన్న విమానంలోనే వెళ్లాలి. 1990లలో అక్కడి వృత్తి పైలట్ల మరణాల రేటు ఏడాదికి లక్షకి 410. అమెరికాలో సగటు ఉద్యోగి కంటే దాదాపు వంద రెట్లు ఎక్కువ. అలా 30 ఏళ్లు ఎగిరితే తొమ్మిది మందిలో ఒకరు పనిలోనే చనిపోతారన్నమాట. 1999 నుంచి అక్కడి ప్రభుత్వ విమానయాన సంస్థ కాప్‌స్టోన్ అనే కార్యక్రమం కింద చిన్న విమానాల్లో జీపీఎస్, ముందున్న కొండల్నీ దగ్గర్లోని విమానాల్నీ చూపించే తెర, తామెక్కడున్నామో ఎప్పటికప్పుడు చెప్పే ఏడీఎస్-బీ పరికరం పెట్టించింది. అవి ఉన్న విమానాల్లో ప్రమాదాల రేటు 47 శాతం దాకా తగ్గింది. పైలట్లు అప్పటివాళ్లే, కొండలూ అవే.

అయినా డబ్బు లెక్క దగ్గరికి వచ్చేసరికి సామాన్ల పైలట్ మళ్లీ వెనకబడతాడు. 2009 ఫిబ్రవరిలో అమెరికాలోని బఫెలో దగ్గర ప్రయాణికుల విమానం కూలి 50 మంది చనిపోయారు. పైలట్ల అలసట గురించి పెద్ద చర్చ జరిగి విశ్రాంతి గంటలకి గట్టి నియమాలు వచ్చాయి. 2014 జనవరి నుంచి అమలయ్యాయి కూడా. వాటిలోంచి కార్గో విమానాలని మినహాయించారు. కార్గోకి కూడా వర్తింపజేస్తే వచ్చే ప్రయోజనం కంటే అయ్యే ఖర్చు ఎక్కువని కారణం చెప్పారు. విమానంలో ఉండేది ఇద్దరే కాబట్టి ప్రయోజనం వైపు అంకె చిన్నదైపోయింది. ఆ నియమాలు అమల్లోకి రావడానికి నాలుగైదు నెలల ముందే, 2013 ఆగస్టు 14 తెల్లవారుజామున అలబామాలోని బర్మింగ్‌హామ్‌లో యూపీఎస్ అనే పార్సిల్ కంపెనీ కార్గో విమానం రన్‌వేకి ముందే నేలకి గుద్దుకుని ఇద్దరు పైలట్లు చనిపోయారు. కాక్‌పిట్ రికార్డింగులో వాళ్లు మాట్లాడుకున్నవాటిలో నిద్ర చాలకపోవడం గురించి, ఈ మినహాయింపు గురించి కూడా ఉంది.

అది పెద్ద విమానం కాబట్టి కనీసం వాళ్ల మాటలు మిగిలాయి. కాక్‌పిట్ మాటల్నీ విమానం వివరాల్నీ రికార్డు చేసే బ్లాక్ బాక్స్ నియమాలకి 5,700 కిలోల బరువుని గీతగా పెట్టుకోవడం అంతర్జాతీయంగా అలవాటు. కారవాన్ బరువు నాలుగు టన్నుల లోపే. గీత కింద ఉన్న విమానం కూలితే ఏం జరిగిందో చెప్పేది చాలాసార్లు శకలాలే. వాటితో తేలకపోతే "పైలట్ పొరపాటు" అన్న రెండు మాటలు ఆ ఇంటికి మిగులుతాయి.

ఇక విశాఖ విషయం. 2016 జూలై 22 ఉదయం చెన్నై తాంబరం నుంచి పోర్ట్ బ్లెయిర్‌కి వాయుసేన ఏఎన్-32 బయల్దేరింది. ఇది చిన్న విమానం కాదు, ఆరేడు టన్నుల సరుకు మోసే రెండు ఇంజన్ల రవాణా విమానం. వారం వారం మనుషుల్నీ సామాన్లనీ చేరవేసే ఆ సర్వీసుకి కొరియర్ అని పేరు. 23 వేల అడుగుల ఎత్తులో ఉండగా తొమ్మిది దాటాక రాడార్ నుంచి మాయమైంది. అందులో ఉన్న 29 మందిలో ఎనిమిది మంది మన నేవల్ ఆర్మమెంట్ డిపో సివిలియన్ ఉద్యోగులు. రోజూ మనం బస్సు మారే ఎన్ఏడీ కొత్తరోడ్డుకి ఆ పేరొచ్చిన డిపోనే అది. డ్యూటీ మీద వెళ్లారు.

నౌకలు, విమానాలు, జలాంతర్గామి వారాల తరబడి వెతికాయి. విమానాల్లో ప్రమాదం జరిగితే సిగ్నల్ పంపే పరికరం ఒకటి ఉంటుంది గానీ, ఆ రేడియో సిగ్నల్ నీళ్లలోంచి బయటికి రాదు. సముద్రంలో మునిగినా నెల రోజుల పాటు టిక్కు టిక్కుమంటూ శబ్దం చేసే బీకన్ వేరే ఉంటుంది. ఆ ఏఎన్-32లో అది లేదు. అంతకు ఏడాది ముందు, 2015 జూన్‌లో తమిళనాడు తీరంలో కోస్ట్‌గార్డ్ డోర్నియర్ ముగ్గురితో మునిగిపోయినప్పుడు అలాంటి బీకన్ శబ్దమే దారి చూపింది. నెల రోజులకే దాదాపు 950 మీటర్ల లోతున శకలాలు దొరికాయి. ఇంకా వెనక్కి వెళ్తే, 1986 మార్చిలో సోవియట్ యూనియన్ నుంచి కొత్తగా తెస్తున్న ఏఎన్-32 ఒకటి ఏడుగురితో అరేబియా సముద్రం మీద మాయమైంది. దాని ఆచూకీ ఈనాటికీ లేదు. అప్పటినుంచి 2016 దాకా 30 ఏళ్లు గడిచాయి. సముద్రం మీద తిరిగే విమానానికి నీటి అడుగున పలికే పరికరం కావాలని తెలుసుకోవడానికి అంత కాలం చాలలేదంటే బాధతో పాటు కోపం వస్తుంది.

2016 సెప్టెంబర్‌లో ఆ 29 మందీ మరణించినట్లే భావిస్తున్నామని కుటుంబాలకి తెలియజేశారు. చెన్నైలోని జాతీయ సముద్ర సాంకేతిక సంస్థ పంపిన మనిషి లేని జలాంతర వాహనం తీసిన ఫొటోల్లో శకలాలు కనిపించాయని 2024 జనవరి 12న ప్రకటించారు. చెన్నై తీరానికి 140 నాటికల్ మైళ్ల దూరంలో, 3,400 మీటర్ల లోతున ఉన్నాయవి. మధ్యలో ఏడున్నరేళ్లు. మన దగ్గర పదకొండో రోజు చేయాలన్నా, సంవత్సరీకం పెట్టాలన్నా ఒక తిథి కావాలి. పోయారో లేదో తెలియని ఇంట్లో ఆ తిథి ఎవరు చెబుతారు? ఆ ఇంటి ఇల్లాలు బొట్టు తీయాలా ఉంచాలా అని చుట్టాలు గుసగుసలాడుకునే ఇళ్లలో ఏడున్నరేళ్లంటే ఎంతో, బీకన్ ఖరీదు లెక్కవేసిన కాగితంలో ఎక్కడా ఉండదు.

ఇదంతా ఆ తల్లితో చెప్పలేదు. అబ్బాయిని పిలిచి కూర్చోబెట్టి చెప్పాను. వెళ్లొద్దని అనలేదు, అనే హక్కు నాకు లేదు. వాడికి ఎగరడమంటే ప్రాణం. సంతకం పెట్టే ముందు కంపెనీని మూడు విషయాలు రాతపూర్వకంగా అడగమన్నాను. వాతావరణం బాగోలేదని ఒక పైలట్ ట్రిప్పు మానుకుంటే ఏం చేస్తారు? విమానంలో కొండల గురించి హెచ్చరించే పరికరం, బయల్దేరిన దగ్గర్నుంచి దిగేదాకా ఎక్కడుందో కంపెనీకి తెలిపే ట్రాకర్ ఉన్నాయా? వారానికి ఎన్ని గంటలు నడపాలి, మధ్యలో ఎంత విశ్రాంతి?

"అంకుల్, ఇవన్నీ అడిగితే ఉద్యోగం ఇస్తారా?" అన్నాడు. అడిగి చూడరా నాన్నా అన్నాను.

పది రోజుల తర్వాత ఫోన్ చేశాడు. ట్రాకర్ ఉందట. కొండల హెచ్చరిక వాళ్ల విమానాల్లో కొన్నింటికే ఉందట. వాతావరణం బాగోకపోతే పైలట్‌దే నిర్ణయమని ఒక్క లైను రాశారు. విశ్రాంతి గంటల గురించి మాత్రం జవాబు రాలేదు. మళ్లీ మెయిల్ పెట్టి, వీసా కాగితాలు పక్కన పెట్టుకుని ఎదురు చూస్తున్నాడు.