మే నెల మ్యాపు, నవంబరు నీళ్లు: చిత్తడి నేలల ప్లానింగ్‌పై అపోహలు - వాస్తవాలు

చెన్నైలో చిత్తడి నేలల సర్వేలు, ప్లాన్ల పని నాది. మొన్న మా బావ ఫోన్ చేసి, మేడవాక్కం దగ్గర ఫ్లాట్ చూశానన్నాడు. "మ్యాపులో అక్కడ నీలం రంగే లేదు బావా, ఇంక టెన్షన్ ఏముంది?" అన్నాడు. ఇది రాయడానికి కారణం ఆ మాటే.

అపోహ: మ్యాపులో నీళ్లు కనిపిస్తేనే చిత్తడి నేల.

మొదట్లో నేనూ ఈ తప్పే చేశాను. దక్షిణ చెన్నైలో ఒక చోట మే నెలలో సర్వేకి వెళ్లాం. నేలంతా బీటలు వారి ఉంది, పిల్లలు వికెట్లు పాతి ఆడుకుంటున్నారు. 'ఖాళీ జాగా' అని రాసేయబోతుంటే, పక్కన టీ బంకులో కూర్చున్న పెద్దాయన మా తెలుగు విని నవ్వాడు. "కార్తీకంలో రండి బాబూ, ఇక్కడే నిలబడి రాసుకుందురు గాని" అన్నాడు. నవంబరులో వెళ్తే మోకాలి లోతు నీళ్లు, జమ్ము, అందులో నీలి కోళ్లు. ఇక్కడ పెద్ద వానలు పడేది ఈశాన్య రుతుపవనాలకి, అంటే అక్టోబరు నుంచి డిసెంబరు దాకా. వేసవిలో తీసిన శాటిలైట్ ఫొటోని నమ్ముకుంటే సగం నేల లెక్కలోకే రాదు.

ఇస్రో వాళ్ల అట్లాసులో 2.25 హెక్టార్లు దాటిన చిత్తడి నేలలు దేశంలో 2,31,195 ఉన్నాయి. అది మొదటి అడుగే. నేల మీదకి వెళ్లి ఒక్కోదాన్ని సరిచూసి, హద్దులు తేల్చమని 2024 డిసెంబరులో సుప్రీంకోర్టు రాష్ట్రాలకి చెప్పింది. రాష్ట్ర ప్రణాళికలో అసలు కష్టం అక్కడే. మిగతాది ఫైళ్ల పని.

అపోహ: హద్దు గీసి కంచె వేస్తే నేల దక్కినట్టే.

దక్షిణ చెన్నైలో మేడవాక్కం వైపున్న పెద్ద చిత్తడి నేల పళ్లికరణై సంగతి చూడండి. 2022లో రామ్‌సర్ (చిత్తడి నేలల కోసం దేశాలు చేసుకున్న ఒప్పందం) గుర్తింపు వచ్చింది, సుమారు 1,247 హెక్టార్లు. కానీ దాని నీళ్లు ఆ గీత లోపల పుట్టేవి కావు. పైనున్న గొలుసు చెరువులు ఒకదాని తర్వాత ఒకటి కలుజు పారి (చెరువు నిండాక నీళ్లు పొర్లే అలుగు; తమిళంలో కలింగు అంటారు, మా నెల్లూరు వైపు కలుజు) ఇక్కడికి చేరతాయి. ఇక్కడి నుంచి ఒక్కియం మడువు మీదుగా బకింగ్‌హాం కాలువలోకి, కోవళం దగ్గర సముద్రంలోకి పోతాయి. ఈ దారిలో ఎక్కడ గొంతు నొక్కినా పైన కాలనీలు మునుగుతాయి, కింద నేల ఎండుతుంది. నేను చూసిన ఒక రోడ్డు కింద రెండు తూములున్నాయి. ఒకదాన్నిండా మట్టి. రెండోదాంట్లో ఎవరో పడేసిన పాత పరుపు! హద్దు రాళ్లు మాత్రం కొత్తగా సున్నం కొట్టి మెరుస్తున్నాయి.

చిత్తడి నేలల కోసం కేంద్రం తెచ్చిన 2017 నాటి రూల్స్ ఒక్కోదానికి 'ప్రభావ ప్రాంతం' కూడా గుర్తించమంటాయి. అంటే ఎక్కడ ఏం చేస్తే ఈ నేల మీద దెబ్బ పడుతుందో ఆ ప్రాంతం. పళ్లికరణైకి అది తేలేదాకా రామ్‌సర్ హద్దు లోపలా, బయట 1 కిలోమీటరు దాకా కొత్త నిర్మాణాలకి అనుమతులివ్వొద్దని 2025 సెప్టెంబరులో ఎన్‌జీటీ (జాతీయ హరిత ట్రిబ్యునల్) దక్షిణ బెంచ్ చెప్పింది. మా బావ చూసిన ఫ్లాట్ దీనికి లోపలో బయటో బ్రోకర్ చెప్పలేదు, ఈయన అడగలేదు.

అపోహ: లోతుగా తవ్వి, చుట్టూ వాకింగ్ ట్రాక్ వేస్తే సంరక్షణ అయిపోయినట్టే.

ఇది వింటే నాకు చిరాకు. ఉల్లంకి పిట్టలకి కావలసింది బురద, నాలుగు వేళ్ల లోతు నీళ్లు. అంచుల దాకా ఒకే లోతున తవ్వేస్తే వాటికి కాలు మోపే చోటుండదు. జమ్ము, తుంగ కూడా పోతాయి. మిగిలేది ఒక పెద్ద తొట్టి, దాని చుట్టూ లైట్లు.

అపోహ: చెరువులన్నీ ఈ రూల్స్ కిందకే వస్తాయి.

రావు. సాగునీటి కోసం, తాగునీటి కోసం మనుషులు కట్టిన చెరువుల్ని, వరి పొలాల్ని 2017 రూల్స్ నిర్వచనంలోంచి తప్పించాయి. తమిళనాడులో 'ఏరి' అనే చెరువుల్లో చాలావరకు సాగునీటివే మరి! వేడంతాంగల్ కూడా సాగునీటి చెరువే. కానీ పక్షుల అభయారణ్యంగా వన్యప్రాణి చట్టం దాన్ని కాపాడుతోంది, 2022లో రామ్‌సర్ జాబితాలోనూ చేరింది. అందుకే ప్లాన్ రాసేటప్పుడు ఏ నేలకి ఏ చట్టం దిక్కో ముందు తేల్చుకోవాలి. అటవీ శాఖ ఒక్కటే చేసే పని కాదు. రెవెన్యూ, నీటిపారుదల, మత్స్య శాఖ, మునిసిపాలిటీ అందరూ ఒకే గదిలో కూర్చోవాలి. కూర్చోబెట్టడమే గగనం.

అపోహ: రామ్‌సర్ పేరు పడితే చేపలు పట్టనివ్వరు.

ఆ ఒప్పందం అడిగేది వివేకంగా వాడుకోమని, జనాన్ని వెళ్లగొట్టమని కాదు. పులికాట్‌లో జాలరులు 'పాడు' పద్ధతిలో చీట్లు వేసి, ఎవరు ఎక్కడ వల వెయ్యాలో పంచుకుంటారు. మా ప్లాన్లలో అంత చక్కటి పేజీ ఒక్కటీ లేదు.

బావకి మాత్రం నవంబరు దాకా అడ్వాన్స్ ఇవ్వొద్దన్నాను. "అప్పటికి రేటు పెరిగితే నువ్విస్తావా?" అన్నాడు.