ట్రాన్స్‌ఫార్మర్‌కి డబ్ల్యూటీఐ ఉంటే చాలు, ఫైబర్ ఎందుకు అంటున్నారా? అపోహలు - వాస్తవాలు

ఎండలు ముదిరేసరికి తిరుపతి, రేణిగుంట, చిత్తూరు వైపు నుంచి నాకు ఒకటే ఫోన్. "సార్, డబ్ల్యూటీఐ తక్కువే చూపిస్తా ఉంది కదా, మళ్ళీ ఫైబర్ ఆప్టిక్ సెన్సార్లని డబ్బు దండగ ఎందుకు?" ఒక్కొక్కరికీ చెప్పే బదులు ఇక్కడ రాసేస్తా ఉన్నా. డబ్ల్యూటీఐ అంటే ట్రాన్స్‌ఫార్మర్ లోపలి వైండింగ్ (తీగ చుట్టలు) వేడి ఎంతో చూపించే ముల్లు మీటర్.

అపోహ: డబ్ల్యూటీఐ వైండింగ్ వేడిని కొలుస్తుంది.

కొలవదండీ. దాని వేడి పసిగట్టే బల్బు ఉండేది ట్యాంకు పైన ఆయిల్ పాకెట్‌లో. సీటీ (లోడ్ కరెంటుని తగ్గించి మీటర్లకి ఇచ్చే కరెంటు ట్రాన్స్‌ఫార్మర్) నుంచి లోడ్‌కి తగ్గ కరెంటు తీసుకొని చిన్న హీటర్ కాయిల్ వేడెక్కుతుంది, ఆ వేడి ఆయిల్ వేడికి కలిపి లోపల ఇంత ఉండొచ్చు అని ముల్లు చూపిస్తుంది, అంతే, అదొక అంచనా.

చిత్తూరు దగ్గర ఒక మామిడి గుజ్జు ఫ్యాక్టరీకి పోయినా, సీజన్ మధ్యలో, ఫుల్ లోడ్. ఓటీఐ (ఆయిల్ వేడి చూపించే మీటర్) 68 డిగ్రీలు, డబ్ల్యూటీఐ కూడా 68. ఆపరేటర్ తమ్ముడు చల్లగానే ఉంది సార్ అంటా ఉన్నాడు, నాకేమో గుండె జారింది, ఆ లోడ్ మీద రెండు ముళ్ళూ ఒకే చోట ఎట్లా ఉంటాయి? లోడ్ మీద సీటీ సర్క్యూట్ తెరుచుకుంటే ప్రాణం మీదికి వస్తుంది కాబట్టి షట్‌డౌన్ తీసుకొని మార్షలింగ్ బాక్స్ (మీటర్ల వైర్లన్నీ కలిసే పెట్టె) తెరిస్తే హీటర్‌కి పోయే వైరు టెర్మినల్ దగ్గర నల్లగా మాడి వదులుగా ఊగతా ఉంది. సరిచేసి మళ్ళీ లోడ్ ఎక్కించినాక ముల్లు 86కి పోయింది. మీరు ముట్టుకున్నాకే వేడెక్కింది అని మేనేజర్ కంగారు. ఆయన్ని తప్పుపట్టను, సీజన్‌లో మిషన్ ఆగితే కాయ కుళ్ళిపోతుంది. కానీ లోపల వేడి ముందు నుంచీ ఉన్నదే, మనకి కనపడలేదు.

ఇది ఎందుకింత ముఖ్యమంటే, వైండింగ్ తీగకి చుట్టే మామూలు క్రాఫ్ట్ పేపర్‌కి హాట్ స్పాట్ (వైండింగ్‌లో అన్నిటికన్నా వేడి చోటు) 98 డిగ్రీలు దాటినాక ప్రతి 6 డిగ్రీలకీ ముసలితనం రెండింతలు వేగంగా వస్తుంది, 110 అంటే నాలుగింతలు. పేపర్ పోతే ట్రాన్స్‌ఫార్మర్ పోయినట్టే, ఆయిల్ ఎంత ఫిల్టర్ చేసినా పేపర్ తిరిగి రాదు.

ఫైబర్ ప్రోబ్ అయితే వైండింగ్ డిస్కుల మధ్య సందు కోసం పెట్టే స్పేసర్‌లోనే కూర్చుంటుంది. ఒక రకంలో కొనకి గాలియం ఆర్సెనైడ్ స్ఫటికం ఉంటుంది, వేడిని బట్టి అది పీల్చుకునే కాంతి మారుతుంది, ఆ మార్పు చూసి డిగ్రీలు చెప్తుంది.

అపోహ: తర్వాత పెట్టించుకోవచ్చు. ఆ మేనేజర్ కూడా ఇదే అడిగినాడు. కుదరదు, వైండింగ్ తయారయ్యేటప్పుడే పెట్టాలి, అందుకే ఆర్డర్‌లోనే రాయండి. వీధిలో ఉండే చిన్న 100 కేవీఏ ట్రాన్స్‌ఫార్మర్‌కి మాత్రం అవసరం లేదు.

అపోహ: ఫైబర్ గుండా కరెంటు బయటికొస్తుంది. గాజు అది, లోహం లేదు, కరెంటు పారదు.

ఇంక ట్యాంకు మీద చెయ్యి పెడితే కాలిందని భయపడేవాళ్ళకి: మే నెలలో లోడ్ మీద అది మామూలే. ఓటీఐ చూడండి, ఫ్యాన్లు తిరగతా ఉన్నాయా చూడండి. లోడ్ ఉండి కూడా రెండు ముళ్ళూ ఒకే చోట ఉంటే మాత్రం ఫోన్ చెయ్యండి, రాత్రైనా పర్లేదు.