టెట్, డీఎస్సీ, బీఈడీ: టీచర్ ఉద్యోగం చుట్టూ అల్లుకున్న అపోహలు

ఏటా మా బడికి టీచింగ్ ప్రాక్టీస్ కోసం ఛాత్రోపాధ్యాయులు వస్తారు. మొదటి రెండు రోజులు బెరుకుగా ఉంటారు. మూడో రోజు మధ్యాహ్నం అన్నాలు తినేటప్పుడు ప్రశ్నలు మొదలవుతాయి. "మేడమ్, టెట్‌లో తొంభై వస్తే సరిపోతుందా?" "డీఎస్సీ మళ్లీ ఎప్పుడు పడుతుంది మేడమ్?" "బీఈడీ వాళ్లు ఎస్జీటీ రాయొచ్చని మా అన్నయ్య అంటున్నాడు, నిజమేనా?" ఇరవై ఏళ్లకు పైగా పాఠం చెబుతున్నాను. ఎస్జీటీగా, అంటే ప్రైమరీ టీచర్‌గా చేరి, ప్రమోషన్‌పై గణితం స్కూల్ అసిస్టెంట్‌ను, అంటే హైస్కూల్ సబ్జెక్టు టీచర్‌నయ్యాను. ప్రశ్నలు పెద్దగా మారలేదు కానీ, వాటి వెనక ఉండే అపోహలు మాత్రం పెరుగుతున్నాయి. ఆ పిల్లలకు చెప్పేవే ఇక్కడ రాస్తున్నాను.

అపోహ: టెట్ పాసైతే ఉద్యోగం వచ్చినట్టే.

టెట్ అర్హత పరీక్ష, అంతే. విద్యాహక్కు చట్టం కింద టీచర్ల కనీస అర్హతలు నిర్ణయించే బాధ్యత జాతీయ ఉపాధ్యాయ విద్యా మండలి ఎన్‌సీటీఈది. ఆ సంస్థ 2010 ఆగస్టు 23న ఇచ్చిన నోటిఫికేషన్‌తో ఒకటి నుంచి ఎనిమిదో తరగతి వరకు చెప్పే టీచర్లకు టెట్ తప్పనిసరి అయింది. ఐదో తరగతి వరకు చెప్పాలంటే పేపర్ 1, ఆరు నుంచి ఎనిమిది వరకు అయితే పేపర్ 2. ఒక్కో పేపర్‌లో 150 బిట్లు, 150 మార్కులు. తప్పు రాసినా మార్కు కోయరు. మన రెండు రాష్ట్రాల్లో ఓసీలకు 60 శాతం, బీసీలకు 50 శాతం, ఎస్సీ, ఎస్టీ, దివ్యాంగులకు 40 శాతం వస్తే అర్హత. ఉద్యోగం ఇచ్చేది మాత్రం డీఎస్సీ, అంటే ప్రభుత్వ టీచర్ పోస్టుల నియామక పరీక్ష. సెంట్రల్ వాళ్ల సీటెట్ సంగతీ ఇంతే. అది పాసైనంత మాత్రాన కేంద్రీయ విద్యాలయంలో కుర్చీ సిద్ధంగా ఉండదు, వాళ్ల నియామక పరీక్ష వేరే రాయాలి.

అపోహ: టెట్‌లో ఒకసారి గట్టెక్కాం, సర్టిఫికెట్‌కి గడువు కూడా లేదు, ఇక దాని జోలికి పోనక్కర్లేదు.

గడువు లేదన్నది నిజమే. మొదట్లో ఏడేళ్లు ఉండేది, 2021లో దాన్ని జీవితకాలానికి మార్చారు, 2011 నుంచి పాసైనవాళ్లకూ వర్తింపజేశారు. కానీ డీఎస్సీ ర్యాంకులో 20 శాతం వెయిటేజీ టెట్ మార్కులకే ఉంటుంది. మిగతా 80 మార్కులు డీఎస్సీ పరీక్షవి. ఈ లెక్క పిల్లలకు బోర్డు మీద వేసి చూపిస్తాను. టెట్‌లో 90 వచ్చినవాళ్లకు వెయిటేజీ 12 మార్కులు. 135 వచ్చినవాళ్లకు 18. తేడా ఆరు మార్కులు. డీఎస్సీలో బిట్‌కు అర మార్కు, అంటే ఆరు మార్కులు సంపాదించాలంటే పక్కవాళ్లకంటే పన్నెండు బిట్లు ఎక్కువ పెట్టాలి. అర మార్కు దగ్గర, పావు మార్కు దగ్గర ఉద్యోగాలు చేజారే చోట పన్నెండు బిట్లు చిన్న సంగతి కాదు. టెట్ ఎన్నిసార్లైనా రాయొచ్చు, ఎక్కువ వచ్చిన మార్కే తీసుకుంటారు. అందుకే బొటాబొటి మార్కులతో పాసైనవాళ్లను మళ్లీ రాయమని పట్టుబడతాను. తెలంగాణలో ఏడాదికి రెండుసార్లు టెట్ పెట్టాలని 2024లో నిర్ణయించారు కాబట్టి అక్కడివాళ్లకు అవకాశాలు ఇంకా ఎక్కువ.

అపోహ: బీఈడీ డీఈఎల్ఈడీ (ప్రైమరీ టీచర్ల శిక్షణ కోర్సు) కంటే పెద్ద చదువు, కాబట్టి దానితో ఏ పోస్టైనా రాయొచ్చు.

దీనివల్ల నష్టపోయిన కుటుంబాలు నాకు తెలుసు. 2018 జూన్‌లో ఎన్‌సీటీఈ బీఈడీ వాళ్లను ప్రైమరీ పోస్టులకు అనుమతించింది. ఆ నోటిఫికేషన్‌పై రాజస్థాన్‌లో మొదలైన వివాదం సుప్రీంకోర్టు దాకా వెళ్లింది. 2023 ఆగస్టు 11న కోర్టు బీఈడీతో ప్రైమరీ టీచర్ పోస్టులకు అర్హత లేదని తేల్చింది. చిన్నపిల్లలకు అక్షరం, అంకె నేర్పడానికి వేరే శిక్షణ కావాలి, బీఈడీ ఇచ్చేది పైతరగతుల శిక్షణ, ప్రాథమిక విద్య పిల్లల హక్కు అంటే అందులో నాణ్యత కూడా భాగమే అన్నది కోర్టు మాట. తీర్పుకు ముందే నియమితులైనవాళ్లకు షరతులతో ఊరట ఇచ్చి, ఆరు నెలల బ్రిడ్జ్ కోర్సు చేయమన్నారు. కొత్తగా రాసేవాళ్లకు ఆ దారి మూసుకుపోయింది. కాబట్టి ఇంటర్ అవగానే నిర్ణయించుకోవాలి. చిన్నపిల్లలతో ఉండటం ఇష్టమైతే డీఈఈసెట్ అనే ప్రవేశ పరీక్ష రాసి రెండేళ్ల డీఈఎల్ఈడీ చేయండి. హైస్కూల్‌లో సబ్జెక్టు చెప్పాలనుకుంటే డిగ్రీ, ఆ తర్వాత ఎడ్‌సెట్ ప్రవేశ పరీక్ష, బీఈడీ. లేదా ఇంటర్ తర్వాతే నాలుగేళ్ల సమీకృత కోర్సు. అందులో డిగ్రీ, బీఈడీ కలిసే వస్తాయి.

బీఈడీలో మెథడాలజీ, అంటే ఏ సబ్జెక్టు బోధనా పద్ధతి నేర్చుకోవాలన్నది ఎంచుకునేటప్పుడు కూడా డిగ్రీలో చదివిన సబ్జెక్టుతో సరిపోతుందో లేదో చూసుకోవాలి. సీటు ఉంది కదా అని ఏదో ఒక మెథడ్‌లో చేరితే ఆ పొరపాటు సర్టిఫికెట్ల పరిశీలన రోజున బయటపడుతుంది. అప్పటికి చేయగలిగేది ఏమీ ఉండదు.

అపోహ: బీఈడీకి కాలేజీకి వెళ్లక్కర్లేదు, ఫీజు కట్టి పరీక్షలు రాస్తే చాలు.

నన్ను అన్నిటికంటే బాధపెట్టే మాట ఇదే. రూల్ ఏమిటో ముందు చెబుతాను. 2014 నిబంధనల ప్రకారం బీఈడీ రెండేళ్లు. క్లాసులకు, ప్రాక్టికల్స్‌కు 80 శాతం హాజరు ఉండాలి, స్కూల్ ఇంటర్న్‌షిప్‌కు 90 శాతం. రెండేళ్లలో కలిపి ఇరవై వారాలు బడులతో గడపాలి. ఏడాది కోర్సును రెండేళ్లకు పెంచడంలో పెద్ద ఉద్దేశం ఈ బడి అనుభవాన్ని పెంచడమే. అయినా "నాన్ అటెండెన్స్" అనే మాట మన ఊళ్లలో బాహాటంగా వినిపిస్తుంది. రికార్డులు డబ్బులిచ్చి రాయించుకుంటారు. టీఎల్ఎం (బోధనోపకరణాల) చార్టులు షాపులో కొని తెచ్చుకుంటారు. లెసన్ ప్లాన్లు సీనియర్లవి చూసి దించేస్తారు.

ఒక ఏడాది ఒక అబ్బాయి ఇంటర్న్‌షిప్‌కు మా దగ్గరికి వచ్చాడు. మొదటి రోజే, "మేడమ్, నేను హైదరాబాద్‌లో కోచింగ్‌లో ఉన్నాను, సంతకాలు పెట్టేయండి, చివర్లో వచ్చి కలుస్తాను" అన్నాడు. తప్పుగా మాట్లాడుతున్నానన్న భావన కూడా అతనిలో కనిపించలేదు. చుట్టూ అందరూ చేస్తున్నదే కదా. నేను ఒప్పుకోలేదు. కూర్చోబెట్టి ఒకటే అడిగాను: "కోచింగ్‌లో ఏం చదువుతున్నావు నాన్నా?" సైకాలజీ, మెథడాలజీ అన్నాడు. మనస్తత్వవేత్త పియాజే చెప్పిన పదిలపరచుకునే భావన, అంటే ఆకారం మారినా పరిమాణం మారదన్న అవగాహన గురించి చెప్పమంటే బట్టీ పట్టింది గడగడా అప్పజెప్పాడు. మర్నాడు రెండో తరగతిలోకి తీసుకెళ్లి, ఒకే కొలత గల రెండు గ్లాసుల్లో సమానంగా నీళ్లు పోయించాను. అందులో ఒక గ్లాసు నీళ్లను పిల్లల ముందే సన్నటి పొడవాటి సీసాలోకి వంచమన్నాను. ఎందులో ఎక్కువ ఉన్నాయని అడిగితే క్లాసులో చాలామంది సీసా వైపు చేయి చూపించారు. అతను ఆశ్చర్యపోయాడు. పుస్తకంలో చదివింది కళ్లెదుట జరుగుతుందని అతను అనుకోలేదు. ఆ తర్వాత ఒక్క రోజు కూడా మానలేదు.

పరీక్షలో కంటెంట్ తర్వాత ఎక్కువ మార్కులు మోసేది మెథడాలజీయే. సైకాలజీ బిట్లు ఇప్పుడు "ఎవరు చెప్పారు" అని తక్కువ, "తరగతిలో ఇలా జరిగితే మీరేం చేస్తారు" అని ఎక్కువ అడుగుతున్నారు. బడిలో నిలబడనివాళ్లకు ఆ నాలుగు ఆప్షన్లూ ఒకేలా కనిపిస్తాయి. ఇంటర్న్‌షిప్ మానేసి కోచింగ్‌కు వెళ్లేవాళ్లు, కోచింగ్‌లో దొరకనిదాన్ని వదులుకుని వెళుతున్నారు.

అపోహ: డీఎస్సీ ఏటా పడుతుంది, రెండేళ్లు అన్నీ మానేసి చదివితే కొట్టేయొచ్చు.

తేదీలు చూడండి. ఆంధ్రప్రదేశ్‌లో 2018 అక్టోబర్‌లో 7,902 పోస్టులకు నోటిఫికేషన్ వచ్చింది. 2024 ఫిబ్రవరిలో 6,100 పోస్టులకు వచ్చినది రద్దయింది. 16,347 పోస్టుల మెగా డీఎస్సీ నోటిఫికేషన్ 2025 ఏప్రిల్ 20న వచ్చింది. తెలంగాణలో 2017లో 8,792 పోస్టులకు టీఆర్‌టీ (అక్కడ డీఎస్సీకి అప్పటి పేరు) నోటిఫికేషన్, ఆ తర్వాత పరీక్ష జరిగింది 2024 జులైలో, 11,062 పోస్టులకు. అంటే రెండు చోట్లా ఆరేళ్లకు పైగా విరామం. 1998 డీఎస్సీ అభ్యర్థుల్లో కొందరు ఆంధ్రప్రదేశ్‌లో రెండు దశాబ్దాలకు పైగా ఎదురుచూశాక బడిలో అడుగుపెట్టారు. అప్పటికి వాళ్ల తలలు నెరిసిపోయాయి.

ఇంత అనిశ్చితిలో అద్దె గదిలో కూర్చుని, ఇంటి నుంచి డబ్బులు తెప్పించుకుంటూ ఏళ్ల తరబడి చదవడం మంచిది కాదని నా అభిప్రాయం. ఏదో ఒక బడిలో పాఠం చెబుతూ చదవండి. జీతం తక్కువే, నాకు తెలుసు. కానీ మూడు నుంచి పదో తరగతి దాకా మన రాష్ట్ర పాఠ్యపుస్తకాలే సిలబస్‌లో ప్రధానం. రోజూ పిల్లలకు చెప్పిన పాఠం పరీక్ష హాల్లో మరిచిపోవడం కష్టం. నోటిఫికేషన్ వచ్చాక రెండు మూడు నెలలు సెలవు పెట్టి గట్టిగా చదివితే సరిపోయేంత పునాది అప్పటికే పడి ఉంటుంది.

అపోహ: ప్రైవేట్ బడిలో చెప్పడానికి ట్రైనింగ్ అక్కర్లేదు.

చట్టం ఆ తేడా చూపలేదు. చాలా యాజమాన్యాలు చూసీచూడనట్టు వదిలేస్తున్నాయి, అంతే.

అపోహ: ఇప్పటికే ఉద్యోగంలో ఉన్నవాళ్లకు టెట్‌తో పనిలేదు.

నిన్నమొన్నటి దాకా మేమూ అలాగే అనుకున్నాం. 2025 సెప్టెంబర్ 1న సుప్రీంకోర్టు తీర్పు వచ్చింది. రిటైర్మెంట్‌కు ఐదేళ్లకు మించి సర్వీసు ఉన్నవాళ్లు రెండేళ్లలో టెట్ పాసవ్వాలి. ఐదేళ్లలోపు ఉన్నవాళ్లు టెట్ లేకుండా కొనసాగవచ్చు కానీ, పదోన్నతి కావాలంటే పాసవ్వాల్సిందే. మైనారిటీ విద్యాసంస్థల విషయాన్ని పెద్ద ధర్మాసనానికి పంపారు. టెట్ అన్నదే లేని రోజుల్లో డీఎస్సీ రాసి వచ్చినదాన్ని నేను. నాకూ ఇంకా సర్వీసుంది, కాబట్టి నేనూ రాయాలి. మా స్టాఫ్ రూమ్‌లో టెన్షన్ ఎంత ఉందో మాటల్లో చెప్పలేను. ముప్ఫై ఏళ్ల కింద కంటెంట్ వదిలేసి, ఒకే సబ్జెక్టు చెబుతూ వచ్చినవాళ్లకు మళ్లీ ఇంగ్లిష్ గ్రామర్, సైకాలజీ మొదటి నుంచి చదవాలంటే భయమే. ఆ భయాన్ని ఎవరూ చులకన చేయకూడదు. నేను మా ఛాత్రోపాధ్యాయులతో కలిసి చదువుతున్నాను. వాళ్లు నాకు బిట్లు చెబుతారు, నేను వాళ్లకు ఆ బిట్ వెనకున్న క్లాస్‌రూమ్ చూపిస్తాను.

అపోహ: ఒకటో రెండో తరగతి చెప్పడం తేలిక, ఎవరైనా చెప్పేస్తారు.

పోయిన ఏడాది డీఈఎల్ఈడీ అమ్మాయి ఒకతె రెండో తరగతి నోటు పుస్తకాలు దిద్దుతోంది. ఒక పాప 17 + 5 = 112 అని రాసింది. ఈ అమ్మాయి ఎర్ర పెన్నుతో కొట్టేసి పక్కన 22 వేసింది. నేను పుస్తకం మూసి, "ఆ పాప ఏం ఆలోచించిందో చెప్పు" అన్నాను. కాసేపు చూసి, "ఏడు, ఐదు కలిపి పన్నెండు వేసింది, ఒకటిని అలాగే దించేసింది మేడమ్" అంది. అంటే కూడిక వచ్చు. రానిది స్థాన విలువ. ఆ పన్నెండులో ఒక పది దాక్కుని ఉందని పాపకు తెలియదు. ఎర్ర గీత కొడితే ఆ సంగతి ఎప్పటికీ తెలియదు కూడా.

ఆ మర్నాడు ఆ అమ్మాయి చీపురు పుల్లలు, రబ్బరు బ్యాండ్లు తెచ్చింది. పదిహేడు పుల్లల్లో పదింటిని పాప చేతే కట్ట కట్టించింది. ఏడు విడి పుల్లలకు ఐదు కలిపించింది. పన్నెండు విడి పుల్లలు అయ్యాయి. "ఇందులో ఇంకో కట్ట అవుతుందేమో చూడమ్మా" అంది. పాప లెక్కపెట్టి పది తీసి రబ్బరు బ్యాండ్ వేసింది. రెండు కట్టలు, రెండు పుల్లలు. ఎవరూ చెప్పకముందే పుస్తకం లాక్కుని, 112ను తనే కొట్టేసి 22 వేసుకుంది.